వాచీ కింది చర్మం

“మీ ఇద్దరిలో నశ్యం పీల్చేది ఎవరు?”

పట్టుపురుగుల ఇంటి గడపకు అడ్డంగా చీపురు పట్టుకోని నిలబడి అడిగింది తాయమ్మ. నేను నోరు విప్పకుండా పక్కనుండే సుబ్బరాయ వైపు వేలు చూపించినాను.

సుబ్బరాయ గబుక్కున జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. పోలీసు ఉద్యోగంలో జన్మంతా గడిపి, రిటైరైనాక రాబర్ట్‌సన్‌పేటలో డిటెక్టివ్ ఆఫీసు తెరిచిన పెద్దమనిషి ఆయన. ఎంతమంది దొంగలను పట్టినాడో నాకు తెలీదు గానీ, ఆ జేబులో నశ్యం డబ్బీ లేని పూట మాత్రం నేను చూడలేదు.

“ఇది నేరం జరిగిన ఇల్లు. డిటెక్టివును ఆపకూడదమ్మా,” అన్నాడు మీసం దువ్వుతా.

“నేరం సంగతి నాకు తెల్దప్పా. పొగాకు గాలి తగిలితే మా పురుగులు చస్తాయి. నాలుగో జ్వరం దాటి ఆకు మీద ఉండాయి. ఇంగ వారం పోతే గూళ్లు కడతాయి. నువ్వు బయటుండు. ఆయమ్మ రావచ్చు.”

పురుగు పొర విడిచేదాన్ని బూదికోట పక్క జ్వరమనే అంటారు. ఆ ఇంట్లో పురుగుల జ్వరాలు నాలుగూ సక్రమంగా దిగిపోయినాయి. దిగనిది ఇంటి యజమాని జ్వరమొక్కటే. నన్ను పిలిపించింది అందుకే.

నా పేరు మంగళ. కె.జి.ఎఫ్. బంగారు గనుల ఊళ్లో, ఆండర్సన్‌పేటలో టైలరు అంగడి మీద రెండు గదుల్లో నా ఆఫీసు. గనులు మూతబడినాక మా ఊళ్లో బంగారం దొంగలు లేరు, వాళ్లను పట్టే పనీ లేదు. పిల్లోడు తాగుతాడా, పిల్ల ఎవరితోనైనా తిరుగుతాదా అని పెండ్లి సంబంధాల విచారణే నాకు ఎక్కువ. అట్లాంటి నా దగ్గరికి పొద్దున్నే మునిశంకర్ అనే పిల్లోడు వచ్చినాడు. నరసాపురం మోటారు బండ్ల ఫ్యాక్టరీలో పని. రాత్రి షిఫ్టు ముగించుకోని, యూనిఫారం కూడా విప్పకుండా కంపెనీ బస్సు దిగి నేరుగా వచ్చినాడు.

“అక్కా, మా నాయనకు నా భార్య విషం పెడతా ఉండాదంట. సాయంత్రం నాలుగింటికి పెద్దమనుషులు కూర్చుంటారు. కూర్చున్న తరవాత దాన్ని పుట్టింటికి పంపేస్తారు. దాని చెయ్యి అట్లాంటిది కాదక్కా,” అని, ఇంగ మాట రాక నా టేబుల్ మీదుండే నీళ్లన్నీ తాగేసినాడు.

ఆ భార్య పేరు పుష్పావతి. ఆండర్సన్‌పేటలో పుట్టి పెరిగిన పిల్ల. అదే ఫ్యాక్టరీలో పని చేస్తా ఇతన్ని ప్రేమించి, పెండ్లి చేసుకోని, ఉద్యోగం మాని ఏడాదిగా ఈ ఇంట్లో పురుగులకు ఆకేస్తా ఉండాది. ఆ పిల్ల మామ, తాయమ్మ మొగుడు చిన్నవెంకటప్పకు ఆ పెండ్లి ఇష్టం లేదు. ఆయప్ప తన తరఫున సుబ్బరాయను పెట్టుకున్నాడు. నేను బూదికోటలో ఆటో దిగేసరికి ఆయన కారు ముందే నిలబడి ఉండింది. నాకంటే ముందు వచ్చినవాడు గడప దాటలేకపోతే నాకెంత సంతోషమో చెప్పలేను!

గడప ముందర టబ్బులోని మందునీళ్లలో కాళ్లు ముంచి, తుడుచుకోని లోపలికి పోయినాను. పుష్పావతి తట్టల మీద మల్బరీ ఆకు పరుస్తా ఉండింది. ముక్కుకూ నోటికీ కొంగు బిగించి కట్టుకోని ఉండింది.

“విషం పెట్టినావా?” అని నేరుగా అడిగినాను. అడిగిన వెంటనే మొహం చూడాల, జవాబు తరవాత వినొచ్చు. అది నా పద్ధతి.

ఆ పిల్ల కండ్లలో భయం లేదు, కోపముండాది. “పెట్టాలనుకుంటే ఏడాది ఎందుకు కాచుకుంటాను అక్కా? వచ్చిన మొదటి దినమే పెట్టేదాన్ని. ఆ దినం ఆయప్ప అన్న మాటలు మీరు విని ఉంటే మీరే పెట్టేవాళ్లు.”

నాకు నవ్వొచ్చింది. ఈ పిల్ల నాకు నచ్చింది. నచ్చినవాళ్లను ఇంకా ఎక్కువ అనుమానించాల కాబట్టి మళ్లీ అడిగినాను. “మామకు పాలు తెచ్చేటప్పుడు ముక్కు మూసుకుంటావంట కదా?”

“ప్యాకెట్ పాలు తాగి పెరిగినదాన్ని అక్కా. పచ్చి పాల వాసన నాకు పడదు.”

“ఏడాదిగా పడలేదా?”

“అంటే... ముందు బాగానే ఉండింది. ఇప్పుడిప్పుడే.” ఆకు తట్ట కింద పెట్టి తల దించుకునింది. “ఏడాదిగా ఆయప్ప నన్ను ఒక పేరు పెట్టి పిలవలేదు. ‘ఏయ్’ అంటాడు. లేదంటే ‘ఆ టౌనుది’ అంటాడు. ఆడ మా అమ్మానాయన నేనేదో రాణిలాగుండానని అందరికీ చెప్పుకుంటా ఉండారు. ఇప్పుడు విషం పెట్టినదాన్నని పేరేసుకోని వాళ్ల గడప ఎట్ల తొక్కేది?”

ఇంగ ఎక్కువసేపు ఆ మాటలు వింటే డిటెక్టివు పని చెడతాదని చుట్టూ చూసినాను. తట్టల నిండా వేలెడేసి పురుగులు పరపరమని ఆకు కొరుకుతా ఉండాయి. ఒక్కటీ వాడలేదు. ఆకు కోసేది ఈ పిల్లే, వేసేదీ ఈ పిల్లే. పురుగు మందు తాకిన చేత్తో ఒక్క ఆకు వేసినా తట్ట మొత్తం తెల్లారేసరికి చచ్చిపడుంటాది. ఆ చేతుల సంగతి పురుగులే సాక్ష్యం చెప్తా ఉండాయి. కానీ వాసన మాట మాత్రం నాకు కుదరలేదు. ఏడాది పడిన వాసన ఇప్పుడెందుకు పడటంలేదు?

బయట వాకిట్లో నులక మంచం మీద చిన్నవెంకటప్ప పడుకోని ఉండాడు. అరవై దాటిన మనిషి. మొహం ఎర్రగా కంది, ముక్కు మీద పొర లేస్తా ఉండాది. చేతులు మోచేతిదాకా కాలినట్టుండాయి. మంచానికి అటుపక్క సుబ్బరాయ కుర్చీ వేసుకోని కూర్చున్నాడు.

“వచ్చినావా మంగళమ్మా? నేను కేసు ముగించేసినాను. నువ్వు కాఫీ తాగి పోవచ్చు,” అన్నాడు.

“కాఫీ వద్దులే సుబ్బరాయ సార్. ఈ ఇంట్లో విషముండాదంట కదా, మీరే ముందు తాగండి,” అని మంచం పట్టె మీద కూర్చున్నాను. “అన్నా, గొంతు ఎప్పటినుంచి మంట?”

“మూడు దినాలాయె,” అన్నాడు చిన్నవెంకటప్ప బొంగురు గొంతుతో. “ఎంగిలి మింగినా ఈడ కత్తితో గీసినట్టుంటాది.” రొమ్ము మధ్యలో వేలు పెట్టి చూపించినాడు. “మొహం చూడమ్మా. బతికుండంగానే కాల్చేసింది నన్ను.”

“ఎవరు?”

“ఇంకెవరు? ఆ టౌనుది.”

“డాక్టరు దగ్గరికి పోయినావా?”

“కె.జి.ఎఫ్.లో డాక్టరమ్మ మధుర దగ్గరికి పోయినా, వారమాయె. పొదల్లో ఉండే సన్న పురుగు కుట్టి వచ్చిన జ్వరం అనింది. మాత్రలిచ్చింది. డాక్సీ... ఏదో సైకిలు పేరుండాది దానికి.”

“ఎట్ల వాడాలో చెప్పిందా?”

“పొద్దునొకటి, రాత్రొకటి.”

“ఇంకా?”

“ఇంకా శానా చెప్పింది.”

“ఏమని?”

చిన్నవెంకటప్ప ఆకాశం వైపు చూసినాడు. “జ్వరంలో ఉండానమ్మా. ఆమె చెప్తా ఉండింది, నేను తల ఊపుతా ఉండినాను.”

వెంట ఎవరూ పోలేదా అని అడిగితే, పట్నందాన్ని వెంట తీసుకోని పోతానా అని ఎదురు నా మీదనే గుడ్లురిమినాడు. నాకు లోలోపల ఏదో వెలిగింది. కానీ మొహం మీద చూపించలేదు, సుబ్బరాయ చూస్తా ఉండాడు కదా.

“మాత్ర దేంతో మింగుతావన్నా?”

“పాలతో! మా ఇంట్లో మందు ఏదైనా పాలతోనే. ఈ బోరు నీళ్లు ఏం నీళ్లు? భూమి అడుగునుంచి పీకే ఉప్పు నీళ్లు. మాత్ర దాంట్లో పడితే సగం బలం ఆడనే పోతాది. మా తాతల కాలంనుంచీ ఈ ఇంట్లో మందుకు పాలు తప్ప నీళ్లు తగల్లేదు.” అంత మంటలోనూ ఆ మాట చెప్పేటప్పుడు ఆయప్ప గొంతు గర్వంగా లేచింది. “కానీ అది ముక్కు మూసుకోని పాలు తెస్తా ఉంటే చూసినా. తను వాసన కూడా చూడలేని పాలు నేను తాగాల్నా? అప్పటినుంచి తాగడంలే.”

“ఇస్తే ఏం చేస్తా ఉండావు మరి?”

నేను వంగి మంచం కింద చూసినాను. కోడు పక్కన మట్టి తెల్లగా అట్ట కట్టి ఉండాది. దాని మీద చీమలు బారుగా వస్తా పోతా ఉండాయి, ఒక్కటీ చచ్చిపడలేదు. గోడవారగా ఒక సీసా దొరికింది. సగం ఖాళీ, లోపల తెల్లటి చిక్కటి మందు.

“ఇదేంది?”

“గ్యాస్ మందు. గొంతు మంటకు అంగట్లో తెచ్చుకున్నా. మాత్ర మింగినాక ఒక గుక్క, మంటెక్కువైతే రెండు.”

“పాలు మంచం కిందికి పోతా ఉండాయి. నీళ్లు నీకు పడవు. మరి మాత్ర గొంతులో ఎట్ల దిగుతాది?”

“అట్లే మింగుతా. రాత్రి పడుకోని, కంబళి కప్పుకోని, నోట్లో ఏసుకోని మింగేస్తా. నేను ఎప్పుడు మింగినానో దానికి తెలీకూడదు కదా! స్ట్రిప్పు నా దిండు కిందే ఉంటాది. ఐనా పొద్దున చూస్తే రెండు తక్కువ. దొంగతనం కూడా మొదలుపెట్టింది.”

సుబ్బరాయ ఛంగున లేచినాడు. “వింటివా మంగళమ్మా? ఇంగ వాదమెందుకు? మాత్రలు దొంగిలించింది. వాటిలో విషం నింపి మళ్లీ పెట్టేదానికి! పాలు తెచ్చేటప్పుడు ముక్కు మూసుకునింది. ఇదిగో, ఆ పిల్ల ట్రంకు పెట్టె పక్కన దొరికిన తెల్ల పొడి!” జేబులోంచి పొట్లం తీసి ఊపినాడు.

తాయమ్మ చీపురుతో సహా పరిగెత్తుకోని వచ్చింది. “అయ్యో రామా! అది బ్లీచింగు పౌడరు! పురుగుల ఇంటికి రోజూ చల్లేది. పొద్దున లోపలికి రాబోతా నువ్వు బూట్లతో కాళ్లు ముంచింది దాంట్లోనే కదప్పా!”

సుబ్బరాయ ఒకసారి తన బూట్లు చూసుకున్నాడు. నల్ల బూట్లు చివరన తెల్లగా పాలిపోయి ఉండాయి. నేను పకపకా నవ్వేసినాను. చిన్నవెంకటప్పకు కూడా నవ్వు వచ్చింది గానీ గొంతు మంటకు మధ్యలోనే ఆగిపోయింది.

“నవ్వండి, నవ్వండి,” అన్నాడు సుబ్బరాయ. “పొడి పోతే పోనీ. ఈ మొహం కాలింది దేనికి? మంగళమ్మా, సంబంధాలు విచారించేంత సులువు కాదు విషం కేసు. యాభై మంది విషం తిన్నవాళ్లను చూసినాను నేను. చర్మం ఇట్లే కందుతాది.”

“యాభై మందినీ చూసినారు, ఈయన్ని మాత్రం చూడలేదు,” అన్నాను.

అప్పటికే పెద్దమనుషులు వచ్చేసినారు. ముందర ఎల్లప్ప, ఊళ్లో తగవులు తీర్చే మనిషి. వెనకాల ఇంకో నలుగురు. వాకిట్లో చాపలు పరిచినారు. తాయమ్మ వాళ్లకు కాఫీ పెట్టమని కోడలిని వంటింట్లోకి పంపించింది. మునిశంకర్ స్తంభానికి ఆనుకోని గోళ్లు కొరుకుతా ఉండాడు.

“చెప్పమ్మా,” అన్నాడు ఎల్లప్ప. “పిల్లను పంపేదా, ఉంచేదా?”

“అన్నా, నీ వాచీ విప్పు,” అన్నాను చిన్నవెంకటప్పతో.

“ఏందీ?”

“వాచీ విప్పన్నా. తలగుడ్డ కూడా.”

ఆయప్ప అందరివైపూ చూసి, సణుక్కుంటా స్టీలు వాచీ విప్పినాడు. మణికట్టు చుట్టూ పట్టీ పట్టినంత మేర చర్మం బాగుండాది, యాడా కందలేదు. దాని పైనా కిందా ఎర్రగా కాలి ఉండాది. తలగుడ్డ తీస్తే నుదుటి మీద గీత గీసినట్టు, పైనంతా మామూలు రంగు, కిందంతా ఎరుపు. చొక్కా గుండీ విప్పించి చూపించినాను. రొమ్ము మీద ఒక మచ్చ లేదు.

“సుబ్బరాయ సార్, మీరు చూసిన యాభై మందిలో వాచీ పెట్టుకున్న చోటు వదిలేసి పోయిన విషం ఏదైనా ఉండాదా? విషం కడుపులోంచి కదా వస్తాది. దానికి వాచీ యాడుండాదో, తలగుడ్డ యాడుండాదో ఎట్ల తెలుస్తాది?”

పెద్దమనుషుల్లో ఒకాయన తన వాచీ పక్కకు జరిపి చూసుకున్నాడు.

“ఎండ!” అన్నాడు ఎల్లప్ప.

“ఎండే. అన్నా, ఈ వారమంతా పగలు యాడుండావు?”

“కోడలు ఇంట్లో... అది ఇంట్లో ఉంటాదని నేను బయటే ఉండినా. చంద్రంకులు కడిగి కళ్లంలో ఆరబెట్టి కాపలా కూర్చున్నా.” పురుగులు గూళ్లు కట్టేదానికి వాడే వెదురు తట్టలవి. అవి ఆరినంతసేపూ ఈయన కూడా ఆరినాడు. “ఐనా నలభై ఏండ్లుగా ఎండలో ఉండే మనిషినమ్మా. ఎప్పుడూ కాలలేదే?”

అదే నాకు కావాల్సిన ప్రశ్న. అబద్ధాల గురించి నాకు తెలిసినంత మందుల గురించి తెలీదు. ఫోను తీసి డాక్టరు మధురకు కలిపినాను. ఆమె పెండ్లికి ముందు వచ్చిన ఒక సంబంధం విచారించి, ఆ పిల్లోడికి ముందే ఒక పెండ్లాముండాదని కనిపెట్టింది నేనే. అందుకే నేను ఫోను చేస్తే ఎంత పనిలో ఉన్నా ఎత్తుతాది. స్పీకర్ పెట్టి, చూసిందంతా చెప్పినాను. పాలు, పడుకోని మింగింది, గ్యాస్ మందు, ఎండ.

అవతల డాక్టరమ్మ పెద్దగా నిట్టూర్చింది.

“మంగళక్కా, నేను ఆయనకు చెప్పకూడదన్నవన్నీ ఆయన ఒకటీ వదలకుండా చేసినాడు. ఆ మందు వేసుకునేటప్పుడు కొందరికి చర్మం ఎండకు తట్టుకోదు, మామూలుగా కాలనివాళ్లు కూడా కాలతారు. ఎండలోకి పోవద్దు, పోతే ఒళ్లు కప్పుకోని పొమ్మన్నాను. గ్లాసు నిండా నీళ్లతో, నిటారుగా కూర్చోని మింగాల. మింగినాక అరగంట దాకా పడుకోకూడదు. ఒట్టిగా మింగి పడుకుంటే మాత్ర గొంతు కింద గొట్టంలో ఇరుక్కోని ఆడనే కరిగి పుండు చేస్తాది. ఆ మంట అదే.”

“మరి జ్వరమెందుకు దిగలేదు డాక్టరమ్మా?” అని అరిచినాడు చిన్నవెంకటప్ప, ఫోనే కోర్టన్నట్టు దాని ముందర కూర్చోని.

“పాలు ఆ మందును ఒంటికి పట్టనీకుండా కొంత అడ్డం పడతాయి. దానికంటే ఆ గ్యాస్ మందు శానా ఎక్కువ అడ్డం పడతాది. వాటితో కలిసిపోయి మందు కడుపులోనే ఉండిపోతాది, రక్తంలోకి పోయేది తక్కువ. మీరు మింగినారు గానీ మీ జ్వరానికి మందు అందలేదు. మంగళక్కా, ఇది వదిలేసే జ్వరం కాదు, ఈ దినమే ఆయన్ని నా దగ్గరికి తీసుకురండి. నేను చూడకుండా ఇంకో మాత్ర వేసుకోవద్దు. ముందు ఒకటి చూడండి, నీళ్లు మింగగలుగుతున్నాడా? మింగలేకపోతే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు.”

వాకిట్లో గుసగుసలు లేచినాయి. మునిశంకర్ మొహం విప్పారింది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది, కానీ యాభై దగ్గరపడిన దాన్ని, పెద్దమనుషుల ముందర గంతేస్తే బాగుండదు.

“అంతా బాగుండాది,” అన్నాడు సుబ్బరాయ, ఓడిపోయేదానికి ఇంకా మనసు రాక. “మరి మాత్రల దొంగతనమో? ముక్కు మూసుకునిందో? దానికి చెప్పండి జవాబు!”

నిజమే, ఆ రెండూ నాకూ మిగిలే ఉండాయి. రెండు మాత్రలు. పడకుండా పోయిన పాల వాసన. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసినాను. చూసి తాయమ్మ వైపు తిరిగినాను.

“తాయమ్మక్కా, అన్న దిండు కింద మాత్రలు తీసింది నువ్వేనా?”

తాయమ్మ బెదిరిపోయింది. “నేనేనమ్మా. దొంగతనమేముండాది, నా మొగుడి మాత్రలే కదా! పాపం, ఆ పిల్లకు నాలుగు దినాలుగా పొద్దున లేస్తే తల తిరుగుతా ఉండాది, తిన్నది నిలవడంలే. మామ జ్వరం దానికీ అంటుకునిందేమో అని... ఇప్పుడే దాని చేతిలో పెట్టి, పాలు కాగినాక ఏసుకోమని చెప్పి వచ్చినా.”

“మింగనీయొద్దు!” అని ఫోనులోంచి డాక్టరమ్మ, “పుష్పా!” అని నేను, ఒకేసారి అరిచినాము.

గంతు వేయకూడదనుకున్న దాన్ని ఎల్లప్ప కాళ్ల మీదుగా దూకినాను. వంటింట్లో పుష్పావతి ఒక చేత్తో ముక్కు మూసుకోని, ఇంకో చేత్తో మాత్రను నాలిక మీద పెట్టుకోని ఉండాది. పక్కన పాల గ్లాసు పొగలు కక్కుతా ఉండాది.

“ఉమ్మెయ్!”

ఆ పిల్ల హడలిపోయి ఉమ్మేసింది. మాత్ర గచ్చు మీద పడి పొయ్యి దగ్గరికి దొర్లిపోయింది. నేను గోడకు ఆనుకోని ఊపిరి తీసుకున్నాను.

వెనకాలే వచ్చిన సుబ్బరాయ కండ్లు మెరిసినాయి. “చూసినారా? మాత్రలో విషముండబట్టే కదా ఉమ్మించింది!”

“మీరు కాసేపు నశ్యం పీల్చుకోండి సార్,” అన్నాను. పుష్పావతి రెండు చేతులూ పట్టుకున్నాను. “ఏమ్మా, నెల తప్పి ఎన్నాళ్లయింది?”

ఆ పిల్ల వేళ్లు మడిచి వారాలు లెక్క పెట్టింది. ఒక చెయ్యి అయిపోయి రెండో చెయ్యి ఎత్తేసరికి దాని మొహమే మారిపోయింది. “పురుగుల పనిలో పడి... ఆయప్ప గొడవలో పడి... నేను చూసుకోనే లేదక్కా,” అని నోటికి కొంగు అడ్డం పెట్టుకోని ఏడ్చేసింది, నవ్వేసింది, రెండూ కలిపి చేసింది.

ఫోను ఇంకా నా చేతిలోనే ఉండాది. “అక్కా, ఆ పిల్లను కూడా తీసుకురండి, పరీక్ష చేసి చూస్తాను,” అంటా ఉండాది డాక్టరమ్మ. “కడుపుతో ఉండేవాళ్లకు ఈ మందు మామూలుగా ఇయ్యము. బిడ్డకు మంచిది కాదు. ఒకరికి రాసిన మాత్ర ఇంకొకరికి ఎప్పుడూ పెట్టొద్దని ఆ ఇంట్లో అందరికీ చెప్పండి. ఆ జ్వరం మనిషి నుంచి మనిషికి అంటుకోదు కూడా.”

తాయమ్మ గడపలోనే చతికిలబడి నెత్తి కొట్టుకునింది. “ఎంత పని చేస్తిని! నా చేతులారా ఎంత పని చేస్తిని!” అని ఏడుస్తానే లేచి, కోడలి మొహాన్ని రెండు చేతుల్లో పట్టుకోని ముద్దులు పెట్టింది. మునిశంకర్ యూనిఫారంలోనే వాకిట్లో రెండు చుట్లు పరిగెత్తినాడు. ఎందుకు పరిగెత్తినాడో అతనికే తెలీదు. ఎల్లప్ప చాప చుట్టేస్తా, “ఇంగ పంచాయితీ ఏముండాది? లడ్డూలు పెట్టండప్పా,” అన్నాడు.

“సుబ్బరాయ సార్,” అన్నాను. “మీ కారులో నీడ ఉండాది. ఈయనకు ఎండ తగలకూడదంట. ఆ పిల్ల బస్సులో కుదుపులు పడకూడదు. మీ కేసు మీరే ఆస్పత్రికి తీసుకుపోండి.”

ఆయన నా వైపు గుర్రుగా చూసినాడు. కానీ నశ్యం డబ్బీ తీసి, మూత బిగించి, తాయమ్మ చేతికి ఇచ్చినాడు. “పిల్ల కూర్చుంటాది. కారులో ఈ వాసన వద్దులే,” అన్నాడు. ఎంత లేదన్నా మంచి మనిషే. రేపు మళ్లీ నా మీద పడతాడు, అది వేరే సంగతి.

ఇదంతా జరుగుతా ఉంటే చిన్నవెంకటప్ప మంచం మీదే ఉండిపోయినాడు. చేతిలో విప్పిన వాచీ పట్టుకోని, మణికట్టు మీది ఆ తెల్ల పట్టీ వైపే చూస్తా ఉండాడు. నేను పోయి పక్కన నిలబడినాను.

“డాక్టరమ్మ నీళ్లు మింగి చూపించమనింది అన్నా. మింగలేకపోతే మనకు తొందరుండాది.”

“బోరు నీళ్లా?”

“బోరు నీళ్లే.”

పుష్పావతి గ్లాసు నిండా నీళ్లు తెచ్చింది. మంచం దగ్గరికి వచ్చి, అలవాటు ప్రకారం గ్లాసు కింద పెట్టి వెనక్కి పోబోయింది. ఆ ఇంట్లో ఆయప్ప తన చేతిలోంచి ఏదీ అందుకోడని దానికి తెలుసు.

చిన్నవెంకటప్ప చెయ్యి చాపినాడు. వాకిట్లో అందరూ ఆగిపోయినారు. పుష్పావతి గ్లాసు మళ్లీ తీసి అందించింది. ఆయప్ప మంచం మీద నిటారుగా కూర్చున్నాడు. తలగుడ్డ సరిచేసుకోని, ఒక గుక్క మింగినాడు. మొహం చిట్లించినాడు. రెండో గుక్క మింగినాడు. కండ్లలో నీళ్లొచ్చినాయి, మంటకే అనుకున్నాను నేను. ఆగి ఆగి, అడుగుదాకా తాగేసి, గ్లాసు బోర్లించి చూపించినాడు.

“మంటుండాది,” అన్నాడు. “కానీ దిగుతా ఉండాయి.”

తాయమ్మ దేవుడికి దండం పెట్టింది. నేను ఫోనులో ఆ మాటే చెప్పినాను. సుబ్బరాయ కారు స్టార్టు చేసి తలుపులు తెరిచి పెట్టినాడు. చిన్నవెంకటప్ప మాత్రం లేవలేదు. ఖాళీ గ్లాసును అటూ ఇటూ తిప్పి చూసి, దాన్ని ముందుకు చాపినాడు.

“ఇంకో గ్లాసు తీసుకురా అమ్మా.”

పుష్పావతి వెనక్కి తిరిగి చూసింది, ఎవరిని పిలిచినాడో అని. వెనకాల ఎవరూ లేరు.